మూడో సెట్టు

మైనం కత్తి మళ్ళీ కింద పడింది. పొద్దుటి నుంచి ఇది మూడోసారి.

వంటింటి బల్ల చుట్టూ ముగ్గురున్నారు. ఎవరూ వంగి తియ్యలేదు.

"చెయ్యి చూపించండి," అంది భార్య.

మేస్త్రి కుడిచెయ్యి బల్ల కిందికి పోనిచ్చాడు. "పిడి వదులైంది. అంతే."

"పదకొండేళ్ళుగా అదే పిడి. చెయ్యి చూపించండి."

"చెప్పానుగా ఏం లేదని!"

"ఒరేయ్, చూపించరాదూ," అంది అత్తగారు పీట మీద నుంచి. "చిన్నప్పుడు పక్కపిల్లాడి పెన్సిలు దాచినట్టు దాస్తావేం?"

చెయ్యి బల్ల మీదికి వచ్చింది. బొటనవేలి గోరు సగం దాకా నల్లగా ఉంది. మొదలు దగ్గర సన్నగా కొత్తగోరు మొలుస్తోంది.

పాత ఊళ్ళో ఆఖరి రోజున, మెట్ల మలుపులో ఫ్రిజ్ జారి ఆ వేలు గోడకి నొక్కుకుపోయింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలియని సంగతి మేస్త్రి ఇప్పుడు చెప్పాడు.

"స్పర్శ లేదు. కత్తి పట్టుకున్నానో లేదో చూసుకుంటే గానీ తెలీడం లేదు."

"ఎప్పటి నుంచి?"

"ఆ రోజు నుంచే."

"అంటే పందొమ్మిది రోజులు." ఆమె గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండుననిపించింది అత్తగారికి. "మరి రోజూ ల్యాబ్‌కి వెళ్ళి ఏం చేస్తున్నారు?"

"ప్లాస్టర్ కలుపుతున్నా. అచ్చులు పోస్తున్నా. దానికి అరిచెయ్యి చాలు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తావ్? నీ వేలు కోసి అతికిస్తావా?"

ఆమె భుజం దగ్గర పిన్నీసు తీసింది. ఆయన బొటనవేలు పట్టుకుని, కొసలో గుచ్చింది.

మేస్త్రి ముఖంలో ఏ కదలికా లేదు. కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. వేలి కొసన చిన్న నెత్తుటి బొట్టు లేచింది.

పీట మీద కూర్చున్న అత్తగారికి మాత్రం బల్ల కింద ఏముందో కనబడుతుంది. ఆవిడ ఒక్క క్షణం అటు చూసింది. తర్వాత ముఖం తిప్పుకుని, చీర అంచున లేని దుమ్ము దులుపుకుంది.

"సరే, చూశావుగా," అన్నాడు మేస్త్రి. "తృప్తేనా?"

ఆమె పిన్నీసు మళ్ళీ భుజానికి పెట్టుకుంది. రెండుసార్లు తప్పింది.

బల్ల మధ్యలో ఆర్టిక్యులేటర్ ఉంది. నోరులా తెరుచుకుని మూసుకునే ఇత్తడి చట్రం అది. దాని పైనా కిందా ప్లాస్టర్ దవడలు, వాటి మీద గులాబీరంగు మైనం గట్లు. ఒక్క పన్ను కూడా లేదు. ఎవరో ముసలావిడ నోరు అది. ఆవిడెవరో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. కానీ ఆ నోట్లో పళ్ళు కుదరకపోతే, రేపు పదకొండు తర్వాత ఈ ఇంట్లో ఉండడానికి వీల్లేదని మాత్రం ముగ్గురికీ తెలుసు.

కట్టుడు పళ్ళ పని. పాత ఊళ్ళో సొంత ల్యాబ్ ఉండేది. కుర్చీతో సహా అమ్మేశారు. అద్దె ఇంట్లోకి వేరేవాళ్ళు చేరిపోయారు. మూడు రోజుల ప్రయాణం చేసి ఇక్కడికి వచ్చాక తెలిసింది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని. ల్యాబ్ పెద్దాయన ఒక సెట్టు చేయించి చూస్తాడట. అది నచ్చేదాకా ఈ మూడో అంతస్తు వాటా ల్యాబ్ వాళ్ళది, ఈ మంచాలు ల్యాబ్ వాళ్ళవి, తలుపు వెనక అంటించిన జాబితాలోని చెంచాలు కూడా ల్యాబ్ వాళ్ళవే.

చెంచాలు ఆరు. కుర్చీలు మూడు. తాళంచెవి ఒకటి.

"వెళ్ళి నిజం చెప్పేద్దాం," అంది ఆమె. "వేలు బాగయ్యేదాకా ఆగమందాం."

"ఎవర్ని? భూతద్దాన్నా?" ల్యాబ్ పెద్దాయనకి మేస్త్రి పెట్టిన పేరు అది. కళ్ళద్దాల మీద మరో అద్దాల జత తగిలించుకుని తిరుగుతాడాయన. "ఆగడు. కుర్చీ ఖాళీగా ఉంచే రకం కాదు."

"మరేం చేద్దామంటారు?"

మేస్త్రి వంగి, ఎడంచేత్తో కత్తి తీశాడు. దాన్ని బల్ల మీద ఆమె వైపు పెట్టాడు.

అడగలేదు. పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

*

పని మొదలయ్యేటప్పటికి పన్నెండు దాటింది.

ముందు గదిలో పద్నాలుగు అట్టపెట్టెలు గోడ వారగా పేర్చి ఉన్నాయి. వచ్చిన రోజున ఎలా దించారో అలాగే ఉన్నాయి. ఒక్కటి విప్పలేదు. మేస్త్రి విప్పనివ్వలేదు.

"నా తలగడ ఒక్కటి తీసుకుంటానంటే ఏం పోయింది?" అత్తగారు గుమ్మంలో నిలబడి అడిగింది. రోజుకోసారి అడుగుతుంది. "ల్యాబ్ వాళ్ళ తలగడ మీద ఎవరివో కలలు వస్తున్నాయి నాకు. నిన్న ఎవడో బస్సు తోలుతున్నాడు."

"అమ్మా, ఖాయమైతే వేరే ఇల్లిస్తారు. ఇక్కడ విప్పి, మళ్ళీ కట్టి... ఎందుకు?"

"కాకపోతే?"

"కాకపోతే కట్టే పని తప్పుతుంది."

ఆవిడ నవ్వబోయి మానేసింది.

తొమ్మిదో నంబరు పెట్టె మీద మేస్త్రి చేతిరాత ఉంది. 'ల్యాబ్ కాగితాలు. ముట్టుకోవద్దు.' దాని మీద ఇంకో మూడు పెట్టెలు ఎత్తి పెట్టాడు.

అత్తగారు గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్ నొక్కింది. ఆ స్విచ్‌కి ఈ ఇంట్లో ఏదీ వెలగదు. అయినా వచ్చిన రోజు నుంచీ ఆవిడ దాన్ని వదలడం లేదు.

"ఎవరింట్లోనో వెలుగుతూ ఉంటుంది లే," అంది. "వాళ్ళు అనుకుంటారు, దయ్యం పట్టిందని."

వంటింట్లో ఆమె స్పిరిట్ దీపం వెలిగించింది. కిటికీ సగమే తెరుచుకుంటుంది. ఎదురుగా వేరే మేడ వెనక గోడ, గొట్టాలు, ఎవరివో ఆరేసిన బట్టలు. వెలుతురు మాత్రం రెండింటి దాకా బాగుంటుంది. బల్లని దాని కిందికి జరుపుకుంది.

పళ్ళు అట్టముక్క మీద మైనపుపట్టీకి గుచ్చి వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటీ తీస్తుంది. కత్తి కొస దీపం మీద చూపిస్తుంది. మైనం మెత్తబడగానే పన్ను నిలబెట్టి, వేలితో అదిమి, కొంచెం తిప్పి, మళ్ళీ చట్రం మూసి చూస్తుంది.

పెద్ద ఆర్డర్లు వచ్చినప్పుడల్లా పాత ల్యాబ్‌లో ఇదే చేసేది. అచ్చులు ఆయనవి, డాక్టర్లతో మాటలు ఆయనవి, బోర్డు మీద పేరు ఆయనది. పళ్ళు నిలబెట్టడం మాత్రం సగం సెట్లకి ఈమె చేతి మీదే నడిచేది. ఎవరూ ఎప్పుడూ లెక్క పెట్టుకోలేదు.

"ఈవిడ వయసెంత?" అంది.

"డెబ్బై దాటిందట."

"ఎక్కువ మాట్లాడే మనిషేనా?"

"నాకేం తెలుసు? నాకు ప్లాస్టర్ ఇచ్చారు, మనిషినివ్వలేదు."

ఆమె పెదవి కొసన చిన్న కదలిక వచ్చింది. ఈ ఊరొచ్చాక ఆయన తనతో వేసిన మొదటి జోకు అది. కానీ ఆయన నవ్వలేదు. ఇక్కడికి వచ్చాక ఆయన నవ్వడం ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది. చేతిలో పన్ను అలాగే పట్టుకుని ఆయన ముఖం వైపు చూసింది.

"ఏంటలా చూస్తావ్?"

"ఏం లేదు."

మూడింటికి పై వరస పూర్తయింది. మేస్త్రి వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఆ ఎడమది సరిచెయ్యి. ముందు పళ్ళ పక్కది. కాస్త లోపలికి పోయింది, వంకరగా."

"అలా ఉంటేనే పళ్ళలా ఉంటాయి. గీత గీసినట్టు పెడితే ఎవరైనా పట్టేస్తారు, కట్టుడువని."

"నువ్వెప్పుడూ ఆ ఒక్క పన్నునే అలా పెడతావ్."

"పెడతానా?" ఆమెకి నిజంగానే తెలియదు. "ఏమో, చెయ్యి అలా పోతుంది."

ఆయన ఆర్టిక్యులేటర్ ఎత్తి, వెలుతురుకి పెట్టి, చాలాసేపు చూశాడు. ఆ చూపులో మెచ్చుకోలు ఉందేమోనని వెతికింది ఆమె. ఏదో ఉంది. దానికి పేరు పెట్టలేకపోయింది.

"బాగుందా?" అంది చివరికి.

"నడుస్తుంది," అన్నాడు.

*

మర్నాడు, శుక్రవారం పదకొండింటికి మేస్త్రి సెట్టు అప్పజెప్పి వచ్చాడు. ఏమన్నారని అడిగితే, చూస్తామన్నారు అన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం, సాయంత్రం ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఎప్పుడు ఏ కబురొస్తుందోనని ఎవరూ బయటికి కూడా పోలేదు; ఉన్న ఒక్క తాళంచెవీ మేకుకే వేలాడింది.

శనివారం పొద్దున పదింటికి తలుపు చప్పుడైంది.

ల్యాబ్ పెద్దాయన. మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతున్నాడు. నుదుటి మీద రెండో అద్దాల జత ఎత్తి పెట్టి ఉంది. చంకలో ఒక చెప్పుల డబ్బా.

"కూర్చోండి సార్," మేస్త్రి వంటింటి బల్ల దగ్గర కుర్చీ జరిపాడు. "కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదా."

"మీరొస్తే మీరొక్కరే వస్తారు." ఆయన కూర్చున్నాడు. గది కలయజూశాడు. గుమ్మం అవతల ముందు గదిలో పెట్టెల దగ్గర చూపు ఆగింది. "ఇంకా విప్పలేదేం?"

"మీరు ఉండమంటే విప్పుదామని," అంది అత్తగారు. "నా తలగడ ప్రాణం మీ చేతుల్లోనే ఉంది బాబూ."

ఆయన నవ్వలేదు. డబ్బా మూత తీశాడు. నిన్నటి మైనపు సెట్టు బయటపెట్టాడు. దాని పక్కన గుడ్డలో చుట్టిన ఇంకో సెట్టు పెట్టాడు. అది పూర్తిగా తయారై, మెరుగు పెట్టినది.

ఆమె దాన్ని వెంటనే గుర్తుపట్టింది. ఉద్యోగానికి ముందు నమూనాగా మూడు సెట్లు పంపించమన్నారు. మేస్త్రి రెండు చేశాడు. జ్వరంతో పడుకుంటే మూడోది ఆమె చేసింది. ఇది అదే.

"ఈ రెండూ ఒకే చెయ్యి," అన్నాడు పెద్దాయన. "ఔనా?"

"నా చెయ్యే సార్," అన్నాడు మేస్త్రి.

"ఒకసారి నవ్వండి."

"సార్?"

"నవ్వండి. పళ్ళు కనబడాలి."

మేస్త్రి తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. పెదవులు విడదీశాడు. అది నవ్వు కాదు. డాక్టర్ నోరు తెరవమంటే తెరిచినట్టుంది.

పెద్దాయన నుదుటి మీది అద్దాలు కిందికి దించాడు. ముందుకి వంగాడు.

"ఎడమవైపు. ముందు పళ్ళ పక్కది. కాస్త లోపలికి పోయి, అంచు తిరిగి ఉంది." వేలితో మైనపు సెట్టు చూపించాడు. తర్వాత రెండోది. "ఇక్కడా అంతే. ఇక్కడా అంతే. నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. తన పన్ను తెచ్చి ఇంకొకళ్ళ నోట్లో పెట్టినవాణ్ణి చూడలేదు. తన నవ్వు ఎలా ఉంటుందో ఎవరికీ అంత వివరంగా తెలీదు." ఆయన ఆమె వైపు తిరిగాడు. "రోజూ ఎదురుగా కూర్చుని చూసేవాళ్ళకి తెలుస్తుంది."

ఆమెకి చెవులు వేడెక్కాయి. పదకొండేళ్ళు. ఎన్ని నోళ్ళలో పెట్టిందో. తెలియని వాళ్ళందరి నోళ్ళలోనూ ఆయన నవ్వు పెట్టి పంపించింది. ఒక్కసారి కూడా ఆ సంగతి తనకి తోచలేదు.

"అలా కుదిరింది సార్, అంతే," మేస్త్రి అన్నాడు. "ఇంట్లో ప్రశాంతంగా చేసుకొస్తానని మిమ్మల్ని అడిగే కదా తెచ్చాను."

"అడిగారు. అక్కడే నాకు అనుమానం వచ్చింది." పెద్దాయన మైనపు సెట్టులో ఆ ఎడమ పన్నునే గోటితో పెకలించాడు. బల్ల మీద పెట్టాడు. "ఎవరు పెట్టారో వాళ్ళు మళ్ళీ పెట్టండి. నా ముందు."

మేస్త్రి కుడిచెయ్యి ముందుకి చాపి బొటనవేలు చూపించాడు.

"నా వేలికి దెబ్బ తగిలింది సార్..." మొదలుపెట్టాడు మేస్త్రి.

ఆమె లేచింది. దీపం తెచ్చి వెలిగించింది. కత్తి కొస వేడి చేసింది. పన్ను పెట్టింది, అదిమింది, తిప్పింది. రెండు నిమిషాలు పట్టలేదు. ఈసారి అది ఎవరి పన్నో తెలిసే పెట్టింది. అందుకేనేమో, పెడుతుంటే మైనం సరిగ్గా కనబడలేదు.

పెద్దాయన దగ్గరగా చూసి, అద్దాలు మళ్ళీ నుదుటి మీదికి ఎక్కించాడు.

"నేను ఉత్తరంలో స్పష్టంగానే రాశానమ్మా. మూడో సెట్టు చేసినవాళ్ళు రావాలని. మొదటి రెండు సెట్లు చేసిన చెయ్యితో నాకు పని లేదని కూడా రాశాను. అలాంటి పని చెయ్యడానికి ఇక్కడ నలుగురున్నారు."

"మీరు... అలా రాశారా?"

"ఆ ముక్క చూసి మీ ఆయన ఉత్సాహంగా ఒప్పుకుంటే, ఆ చెయ్యి ఆయనదే అనుకున్నాను." ఆయన లేచి డబ్బా సర్దుకున్నాడు. "నా దగ్గర కుర్చీ ఒక్కటే ఉంది. సోమవారం తొమ్మిదింటికి మీరొస్తే ఈ ఇల్లు మీది. మీ ఆయనొస్తే, వచ్చేటప్పుడు తాళంచెవి తెచ్చెయ్యమనండి."

గుమ్మం దగ్గర ఆగి, అత్తగారి వైపు చూశాడు. "తలగడ తీసుకోండమ్మా. ఎలాగూ రెండు రోజులుంటారుగా."

మెట్లు దిగే చప్పుడు చాలాసేపు వినబడింది.

*

"అబద్ధం," అన్నాడు మేస్త్రి. "అలా ఏం రాయలేదు."

ఆమె దీపం ముందే నిలబడి ఉంది. కత్తి ఇంకా చేతిలోనే ఉంది.

"ఆ ఉత్తరం మీరు మాకు చదివి వినిపించారు," అంది. "ఆ ఇంట్లో, కిటికీ దగ్గర నిలబడి. నాకు గుర్తుంది. మధ్యలో ఆగారు. దగ్గారు."

"దగ్గొస్తే దగ్గానా?"

"ఏ వాక్యం దగ్గర?"

"ముసలాయన నిన్ను రెచ్చగొడుతున్నాడే! మనిద్దరికీ చెడగొట్టి, తక్కువకి పని చేయించుకోవాలని. నీకు అర్థం కాదు ఈ మనుషుల సంగతి."

"అయితే ఉత్తరం చూపించండి."

"ఎక్కడుందో ఏమో."

"తొమ్మిదో పెట్టెలో," అంది అత్తగారు.

కొడుకు విసురుగా తిరిగాడు. "అమ్మా!"

"నువ్వే పెట్టావు కదరా, నా ఎదురుగా. చించి పారెయ్యచ్చుగా అంటే, ఎప్పుడైనా ఆ ముద్ర అడిగితే చూపించాలి అన్నావు."

అని, తన నోరు తనే మూసుకుంది. చించి పారెయ్యమన్న మాట అనకుండా ఉండాల్సిందని అప్పుడు తెలిసింది.

కోడలు అత్తగారి వైపు నెమ్మదిగా తిరిగింది.

"చించమన్నారా అత్తయ్యా? ఎందుకు?"

అత్తగారు చీర అంచున లేని దుమ్ము మళ్ళీ దులుపుకుంది.

ఆమె కత్తి దీపం పక్కన పెట్టి ముందు గదిలోకి నడిచింది. పై పెట్టె దించింది. రెండోది దించింది. మూడోది బరువుగా ఉంటే నేల మీదికి తోసేసింది. లోపల ఏదో పగిలింది. ఇరవై రోజులుగా జాగ్రత్తగా కాపాడుకున్నదేదో.

"ఏమే, ఆగు. కూర్చుని మాట్లాడుకుందాం."

"పదకొండేళ్ళు కూర్చునే ఉన్నాను, మీ ఎదురుగా. మాట్లాడారా?"

"ఏం మాట్లాడాలి? నా ల్యాబ్‌లో, నా బోర్డు కింద, నా పెళ్ళాం చెయ్యి నాకంటే మంచిదని మాట్లాడాలా? ఊరంతా మేస్త్రీ అని పిలుస్తుంటే!"

ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఆయనే నిర్ఘాంతపోయాడు.

ఆమె కూడా ఆగింది. ఆ ఒక్క మాట మామూలు రోజున, మామూలు గొంతుతో అని ఉంటే చాలు. ఈ ప్రయాణం, ఈ నంబర్లేసిన కుర్చీలు, ఎవరో పడుకుని లేచిన తలగడలు, అన్నీ నవ్వుతూ భరించేది. ఇప్పుడు ఆ మాట విన్నా, తనకి దక్కిందేమీ లేదనిపించింది.

"ఉత్తరం చూస్తాను," అంది.

వంటింట్లోకి వెళ్ళి, దీపం మీద కత్తి కొస మళ్ళీ కాల్చి తెచ్చి, పెట్టె టేపు మీద ఆనించింది. టేపు చిటచిటమని కరిగి విడిపోయింది.

"వద్దంటున్నానా!"

మేస్త్రి ముందుకి ఉరికాడు. కత్తి లాక్కోబోయాడు. కుడిచెయ్యి వేశాడు. బొటనవేలు సరిగ్గా కాలిన కొస మీద పడింది.

"అబ్బా!"

చెయ్యి విదిలించుకున్నాడు. వేలు నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కత్తి నేల మీద పడి గుండ్రంగా తిరిగి ఆగింది.

ఆమె ఆ వేలి వైపే చూసింది.

వేలు నోట్లోంచి తియ్యాలని ఆయనకి తోచడానికి చాలాసేపు పట్టింది. తీశాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

"స్పర్శ లేదన్నారు," అంది ఆమె.

ఆయన నేల వైపు చూశాడు.

"పిన్నీసు గుచ్చితే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు."

"అది... మొదట్లో నిజంగానే లేదు. నాలుగైదు రోజులు లేదు. ఆ తర్వాత..."

"ఆ తర్వాత వచ్చింది. కత్తి కావాలనే కింద పడేశారు. మూడుసార్లు." ఆమె ఒక్కో మాటా తనకి తనే చెప్పుకుంటున్నట్టు అంది. "నువ్వు చెయ్యి అని నన్ను అడగడం కంటే, వేలు పోయిందని చెప్పడం తేలికైంది మీకు."

మేస్త్రి పెదవులు కదిలాయి. మధ్యలో ఆ ఎడమవైపు పన్ను ఒక్క క్షణం కనబడి మాయమైంది. ఆమె చూపు తిప్పుకుంది.

అత్తగారు గోడ దగ్గర నిలబడి ఉంది. ఆవిడ చెయ్యి స్విచ్ మీద ఉంది. నొక్కడం లేదు.

"అత్తయ్యా. పీట మీద నుంచి మీకు బల్ల కింద కనబడుతుంది కదా," అంది కోడలు. "నేను పిన్నీసు గుచ్చినప్పుడు ఈయన కాళ్ళు ఏం చేశాయి?"

ముసలావిడ కొడుకు వైపు చూసింది. తర్వాత విప్పీ విప్పని తొమ్మిదో పెట్టె వైపు చూసింది.

"వేళ్ళు ముడుచుకున్నాడమ్మాయ్," అంది. "పదీ ముడుచుకున్నాడు."

కోడలు తలూపింది. నేల మీది కత్తి తీసి, చీర కొంగుతో తుడిచి, బల్ల మీద పెట్టింది. దీపం ఆర్పింది. పగిలినదేమిటో చూడలేదు. ఉత్తరం కోసం పెట్టెలో చెయ్యి కూడా పెట్టలేదు. మేకుకి వేలాడుతున్న తాళంచెవి తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు మేస్త్రి.

"ఆ కుర్చీ చూసొస్తాను," అంది ఆమె. తలుపు మూసుకున్నాక, బయట నుంచి తాళం తిరిగిన చప్పుడైంది.